రివ్యూ అంతా సాఫ్ట్‌వేరే చేసేస్తే మా అమ్మాయికి పనేముంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఫార్మ్-డీ నాలుగో సంవత్సరం. ఉద్దానం కిడ్నీ జబ్బుపై వచ్చిన పరిశోధనలన్నిటినీ సమీక్షించే ప్రాజెక్టు తీసుకుంది. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్లే చేస్తున్నాయంటున్నారు. ఈ దారిలో ఉద్యోగాలుంటాయా?
- ఒక తండ్రి, సోంపేట

జవాబు: ఉంటాయండీ. ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా), మెడికల్ రైటింగ్ (వైద్య పత్రాలు రాయడం) విభాగాల్లో వైద్య వ్యాసాలను వెతికి, జల్లెడ పట్టడం రోజువారీ పని. సాఫ్ట్‌వేర్ తగ్గించేది చదవాల్సిన గుట్టను. ఏం వెతకాలో, ఏది ఎందుకు వదిలేశామో చెప్పాల్సింది మనిషే. మీ అమ్మాయి నేర్చుకోవాల్సింది అదే.

ఎక్కువమంది తప్పేది వెతుకులాటలోనే. వైద్య వ్యాసాలను వెతికే వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో మెష్ పదాలతో (విషయాన్ని బట్టి వ్యాసాలకు తగిలించే ప్రామాణిక పదాలు) మాత్రమే వెతికితే, మెడ్‌లైన్‌లో (ఆ పదాలు తగిలించే వ్యాసాల జాబితా) లేని పత్రికల వ్యాసాలు దొరకవు, వాటికి మెష్ పదాలే ఉండవు కాబట్టి. అందుకే శీర్షికలో, సారాంశంలో ఉండే మామూలు మాటలతోనూ వెతకాలి. 'ఉద్దానం' ఒక్కటే చాలదు. 'శ్రీకాకుళం', 'సీకేడీయూ', 'కారణం తెలియని కిడ్నీ జబ్బు' అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ పదబంధాలు కూడా 'ఆర్'తో (OR, అంటే 'లేదా') కలపాలి. 'ఈటియాలజీ'కి (జబ్బు కారణం) బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ పెట్టమనండి. వెతికిన తేదీ, వాడిన పదాల వరుస, వచ్చిన సంఖ్య ఆ రోజే రాసిపెట్టుకోవాలి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే లెక్క కుదరదు.

వచ్చినవాటిని జొటేరోలోకి (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) దించి, నకళ్లు తీసేయాలి. ఇక్కడ తొందరపడకూడదు. ఒకే అధ్యయనం ముందు సదస్సు సారాంశంగా, తర్వాత పూర్తి వ్యాసంగా వస్తుంది. రెండూ వేరనుకుంటే అవే రోగులను రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

జల్లెడకు రయ్యాన్, ఏఎస్‌రివ్యూ అనే సాఫ్ట్‌వేర్లలో ఏదైనా వాడొచ్చు. ఏఎస్‌రివ్యూ ఉచితం. పనికొచ్చేవి, పనికిరానివి కొన్ని చూపిస్తే నేర్చుకుని, పనికొచ్చేలా ఉన్నవాటిని పైకి తెస్తుంది. కానీ అది చదివేది శీర్షిక, సారాంశమే. సారాంశం లేని వ్యాసాలు అడుగునే ఉండిపోవచ్చు, వాటిని విడిగా చూడాలి. ఎక్కడ ఆపాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి, విసుగొచ్చినప్పుడు కాదు. క్లాసులో ఇంకొకరిని తోడు తీసుకుని, ఒకరి నిర్ణయం మరొకరికి కనబడకుండా ఇద్దరూ విడివిడిగా చూడటం తప్పనిసరి.

చాట్‌బాట్‌ను రిఫరెన్సులు అడగొద్దని గట్టిగా చెప్పండి. లేని వ్యాసాలను ఉన్నట్టే రాసిచ్చే ప్రమాదం ఉంది. వ్యాసాల నుంచి అంకెలు తీయడానికి వాడినా ప్రతి అంకెనూ అసలు వ్యాసంతో పోల్చాలి. క్రియాటినిన్‌ను (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష అంకె) ఒకరు మిల్లీగ్రాముల్లో ఇస్తారు, ఇంకొకరు మైక్రోమోల్స్‌లో ఇస్తారు. డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము అంటే లీటరుకు 88.4 మైక్రోమోల్స్. ఇంకా ముఖ్యమైనది మరొకటి ఉంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే లోపం 3 నెలలకు పైగా ఉండాలి. ఊళ్లో ఒక్కసారి రక్తం తీసి పరీక్షించిన సర్వే, రెండుసార్లు పరీక్షించిన సర్వే ఒకే శాతాన్ని చెప్పినా వాటి అర్థం ఒకటి కాదు. కవిటి, కంచిలి మండలాల మనుషుల గురించి రాస్తున్నప్పుడు ఈ తేడా వదిలేయడం అన్యాయం.

రాసేటప్పుడు ప్రిస్మా 2020లోని (సమీక్షను ఎలా రాయాలో చెప్పే మార్గదర్శకం) 27 అంశాలు దగ్గర పెట్టుకోవాలి. ఆటోమేషన్ ఎన్ని వ్యాసాలను తీసేసిందో చూపడానికి దాని ఫ్లో చార్టులోనే గడి ఉంది. పూర్తిగా చదివి వదిలేసిన ప్రతి వ్యాసానికీ కారణం రాసిన ఎక్సెల్ షీటును అమ్మాయి భద్రంగా ఉంచుకోవాలి. ఇంటర్వ్యూకి సర్టిఫికెట్లతో పాటు దాన్నీ పట్టుకెళ్లమనండి.