పాత రీలు ఎర్రబడిపోతే ఏం చేయాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఇళ్లలో దాచుకున్న పాత సినిమా రీళ్ల గురించే. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవి కొన్ని తీసుకున్నాను. మొదటిదానికి జవాబు పెద్దదైంది, మిగతావాటికి మూలం అక్కడే ఉంది కాబట్టి దాన్ని వదలకుండా చదవండి.

ప్రశ్న: మాస్టారూ, మా మేనమామ ఓడలో పనిచేసేవారు. 1970ల్లో బయట దేశం నుంచి సూపర్ 8 (ఇళ్లలో వాడే 8 ఎంఎం వెడల్పు సన్నటి ఫిల్మ్) కెమెరా, ప్రొజెక్టర్ తెచ్చారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, మా అమ్మ పెళ్లి దాంతోనే తీశారు. అక్కడి షాపుల్లో అమ్మే కార్టూన్లు, అడవి జంతువుల రీళ్లు కూడా కొన్ని కొనుక్కొచ్చారు. అన్నీ ఒకే ట్రంకు పెట్టెలో, ఒకే గదిలో ఉన్నాయి. ఈమధ్య వేసి చూస్తే మామయ్య తీసినవి నిన్న తీసినట్టున్నాయి, కొన్నవి మాత్రం మొత్తం ఎర్రగా అయిపోయాయి. ఆకులూ ఎరుపే, ఆకాశమూ ఎరుపే. డబ్బులు పోసి కొన్నవే ఎందుకు పాడయ్యాయి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఒకే పెట్టె, ఒకే గది అన్నారు చూడండి బాబూ, సగం జవాబు అక్కడే ఉంది. తేడా పెట్టెలో లేదు, ఫిల్మ్‌లో ఉంది. మామయ్య కెమెరాలో వేసింది కొడాక్ కంపెనీ కలర్ ఫిల్మ్ కొడాక్రోమ్ అయ్యుంటుంది. ఫిల్మ్ వచ్చిన పసుపు అట్టపెట్టె ఇంకా ఉంటే దాని మీద పేరు చూడండి. అట్టపెట్టె లేకపోతే రీలు మొదట ఓ మూర తీసి, టేబుల్ లైటు కింద ఏటవాలుగా పట్టుకుని, నిగనిగలాడే వైపు కాకుండా రెండో వైపు చూడండి. బొమ్మ ఆకారాలు చెక్కినట్టు కొంచెం ఎత్తుపల్లాలుగా కనిపిస్తే అది కొడాక్రోమే. షాపులో కొన్న ప్రింటును అలాగే పట్టుకుంటే ఆ ఎత్తుపల్లాలు అంత తేటగా కనిపించవు.

ఇప్పుడు అసలు సంగతి. కలర్ ఫిల్మ్‌లో బొమ్మ మూడు పొరల్లో ఉంటుంది. పసుపు, మెజెంటా (ముదురు గులాబీ లాంటిది), సయాన్ అని మూడు రంగులు ఒకదాని మీద ఒకటి. సయాన్ అంటే నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగు, తెర మీదకి వెళ్లే ఎర్ర కాంతిని ఆపేది అదే. షాపుల్లో అమ్మిన ప్రింట్లు ఎక్కువగా ఈస్ట్‌మన్ కలర్ రకానివి, 1950లో వచ్చిన పద్ధతి, చౌక, త్వరగా కడగొచ్చు, ప్రపంచమంతా సినిమా హాళ్లకి వెళ్లినవీ ఇవే. ఈ రకంలో రంగు పుట్టించే పదార్థం ఫిల్మ్ తయారీలోనే పొరల్లో కలిపేస్తారు, ల్యాబ్‌లో కడిగేటప్పుడు అది రంగుగా మారుతుంది. ఆనాటి ప్రింట్లలో అలా తయారైన సయాన్ బాగా బలహీనమైనది. వేడి, తేమ తగిలే కొద్దీ దానంతట అదే విరిగిపోతుంది. పసుపు కూడా తగ్గుతుంది, మెజెంటా మాత్రం మొండిగా నిలబడుతుంది. ఎర్ర కాంతిని ఆపేవాడు లేకపోయేసరికి తెరంతా ఎరుపు. అడవి మీద ఎవరూ ఎరుపు పుయ్యలేదు, పచ్చదనాన్ని చూపించాల్సిన రంగు పోయింది, అంతే.

కొడాక్రోమ్ దారి వేరు. అందులో రంగు పదార్థం ముందు ఉండదు, ల్యాబ్‌లో కడిగేటప్పుడే ఒక్కో పొరకీ ఒక్కోసారి ఎక్కిస్తారు. కష్టమైన పని, ఊరూరా చేసే పని కాదు, అందుకే ఆ ల్యాబ్‌లు ప్రపంచం మొత్తంలో కొన్నే ఉండేవి. 2009లో కంపెనీ ఆ ఫిల్మ్ ఆపేసింది, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం పార్సన్స్ అనే చిన్న ఊళ్లో మిగిలిన చివరి ల్యాబ్ 2010 ఆఖరుతో ఆ పని మానేసింది. కానీ 1930ల చివరి నుంచి తీసిన కొడాక్రోమ్‌లు చీకట్లో పెడితే ఇప్పటికీ రంగు చెక్కుచెదరకుండా ఉన్నాయి, మీ ట్రంకు పెట్టే అందుకు సాక్ష్యం.

చాలామంది వెలుతురు తగిలి రంగు పోయిందనుకుంటారు, ఎండలో ఆరేసిన చీరలాగా. ఈస్ట్‌మన్ ప్రింటు విషయంలో అది కాదు, మూత పెట్టిన డబ్బాలో, ఎవరూ ముట్టుకోకుండా, చీకట్లోనే వెలిసిపోతుంది. కొడాక్రోమ్‌కి సరిగ్గా తిరగేసి. చీకట్లో గట్టిది, ప్రొజెక్టర్ వెలుగులో మాత్రం తొందరగా వెలుస్తుంది. కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతున్నా: నిన్న తీసినట్టుంది కదా అని సిరిమాను రీలుని ప్రతి పండక్కీ చుట్టాలకి వేసి చూపించకండి. అది నెగటివ్ నుంచి తీసిన ప్రింటు కాదు, కెమెరాలో తిరిగిన ఫిల్మే కడిగి వచ్చింది, ప్రపంచంలో ఉన్నది ఆ ఒక్కటే. మూడులాంతర్ల దగ్గర జనం, ఊరేగింపులో పాలధార, బెస్తవారి వల, అప్పటి దుకాణాల బోర్డులు, ఇవి 1970ల్లో రంగుల్లో ఎంతమంది తీసుంటారు చెప్పండి. కార్టూను పోతే ఇంకో కాపీ ఎక్కడో దొరుకుతుంది. ముందు దీన్ని స్కాన్ చేయించండి, తర్వాతే మిగతావి.

ప్రశ్న: నా దగ్గర ఎర్రబడిన 16 ఎంఎం ప్రింట్లు ఉన్నాయి. ఏదో కెమికల్‌లో కడిగితే రంగు తిరిగొస్తుందని ఒకాయన చెప్పి, రీలుకి ఇంత అని అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా? పోనీ వేరే దారి ఉందా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఇవ్వొద్దు. విరిగిపోయిన రంగుని మళ్లీ అతికించే కెమికల్ లేదు. పైగా పాత రీలుకి కంటికి కనిపించని బూజు పట్టి ఉంటే, దాని మీద బొమ్మని పట్టి ఉంచే జెలటిన్ పొర నీళ్లలో కరిగిపోయే స్థితిలో ఉంటుంది, తడి తగిలితే రంగుతోపాటు బొమ్మే ఊడి వస్తుంది.

దారులు రెండున్నాయి. ప్రొజెక్టర్ లెన్స్ ముందు లేత సయాన్ ఫిల్టర్ పెడితే ఎరుపు కాస్త అణుగుతుంది, చౌక పని, ఫిల్మ్‌కి హాని లేదు. అయితే ఫిల్టర్ తెరంతటికీ ఒకేలా పనిచేస్తుంది కాబట్టి తెల్ల చొక్కాలు నీలంగా, నీడలు ఎర్రగానే ఉంటాయి. వెలుగూ తగ్గుతుంది. సరదాగా చూడ్డానికి చాలు.

రెండోది స్కానింగ్, నేను చెప్పేది ఇదే. కంటికి మొత్తం ఎరుపే కనిపించినా చాలా ప్రింట్లలో సయాన్ పూర్తిగా సున్నా అయిపోదు, అడుగున సన్నగా మిగిలి ఉంటుంది. మంచి స్కానర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చదువుతుంది, ఆ సన్నటి బొమ్మని కంప్యూటర్‌లో సాగదీసి మిగతావాటితో సమానం చేయొచ్చు. ముఖం రంగు, గడ్డి పచ్చదనం చాలావరకు నిలబడతాయి. గింజలు గింజలుగా కొంచెం కనిపిస్తుంది, అది తప్పదు. కానీ మిగిలింది ఉంటేనే సాగదీయగలం. ఇవాళ సన్నగా ఉన్నది కొన్నేళ్లకి అదీ ఉండదు, అందుకే వాయిదా వేయకండి అంటున్నా.

ల్యాబ్ వాళ్లని అడగాల్సినవి చెబుతా. గోడ మీద ప్రొజెక్టర్ వేసి దాన్ని కెమెరాతో తీసేవాళ్లు ఉంటారు, వాళ్లకి ఇవ్వకండి, వెలుగు మినుకుమినుకుమంటుంది, అంచులు మసకబారతాయి. ఫ్రేము ఫ్రేమూ విడిగా తీసే స్కానరేనా, పళ్ల చక్రం లేకుండా రోలర్ల మీద నడుస్తుందా అడగండి. ముడుచుకుపోయిన పాత ఫిల్మ్ పళ్ల చక్రానికి పడితే చిల్లులు చిరుగుతాయి. ఆటోమేటిక్ కలర్ కరెక్షన్ వద్దని ముందే చెప్పండి. ఏ సవరణా చేయని ఫైలు 10 బిట్ (రంగు ఛాయలు ఎంత సూక్ష్మంగా దాస్తారో చెప్పే లెక్క) లేదా అంతకన్నా ఎక్కువలో ఇమ్మని అడగండి, ఫోన్‌లో చూసుకునే చిన్న ఫైలు వేరుగా తీసుకోండి. బొమ్మ ఎంత వివరంగా రావాలో చెప్పే కొలతలో సూపర్ 8కి 2కె చాలు, 16 ఎంఎంకి ఖర్చు భరించగలిగితే 4కె. వేగం కూడా చెప్పాలి, మూకీ సూపర్ 8 మామూలుగా సెకనుకి 18 ఫ్రేములు, సౌండ్ 16 ఎంఎం 24. తప్పు వేగంతో చేస్తే పెళ్లికూతురు పరుగెడుతున్నట్టు ఉంటుంది. ఖర్చు అంచనాకి: 50 అడుగుల సూపర్ 8 రీలు 18 ఫ్రేముల లెక్కన 3 నిమిషాల 20 సెకన్లు, 400 అడుగుల 16 ఎంఎం 24 లెక్కన 11 నిమిషాల పైన.

ప్రశ్న: మా మావయ్యగారి రీళ్ల డబ్బా తెరిస్తే ఊరగాయలో పోసే వెనిగర్ వాసన ఘాటుగా కొట్టింది. పురుగు పట్టకుండా నేనే అందులో కలరా ఉండలు వేసి పెట్టాను. టెన్షన్‌గా ఉంది, రంగు పోవడానికి కారణం ఇదేనా?
– ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ఇది రంగు జబ్బు కాదు, ఫిల్మ్ ఒంటి జబ్బు. పాత ఫిల్మ్ అసిటేట్ అనే ప్లాస్టిక్ మీద ఉంటుంది. మన వైపు ఉక్కకి, చెమ్మకి అది విరుగుతూ అసిటిక్ యాసిడ్ వదులుతుంది, వెనిగర్‌లో ఉండేది అదే. ఆ ఆవిరి డబ్బాలోనే ఉండిపోతే విరగడం ఇంకా వేగంగా జరుగుతుంది, పక్క రీళ్లకీ తగులుతుంది. సూపర్ 8 సౌండ్ రీలు అంచున గోధుమ రంగు అయస్కాంత చార ఉంటే ఇంకా తొందర. ఒకసారి మొదలైతే ఆపలేం, నెమ్మది చేయగలం.

కలరా ఉండలు తీసేయండి, ఆ ఆవిరి ఫిల్మ్‌కి మంచిది కాదు. వాసనొచ్చే రీళ్లని వేరు చేయండి. తుప్పు రేకు డబ్బాలు మానేసి పాలీప్రొపిలీన్ డబ్బాల్లో, రీలు నిలబెట్టకుండా పడుకోబెట్టి పెట్టండి. ఏ రీలు ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి ఎ-డి స్ట్రిప్స్ అని చిన్న కాగితం ముక్కలుంటాయి. డబ్బాలో వేసి ఉంచితే నీలం నుంచి ఆకుపచ్చకి, అక్కణ్నుంచి పసుపుకి మారతాయి. పసుపు వైపు వెళ్లినవే ముందు స్కానింగ్‌కి పంపాలి. మెలికలు తిరిగిన రీలుని, ఒక శాతం, అంతకన్నా ఎక్కువ కురచైపోయినదాన్ని ప్రొజెక్టర్‌కి ఎక్కించకండి.

ప్రశ్న: ఏసీ గది పెట్టే స్తోమత లేదు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: పెట్టొచ్చు, పద్ధతిగా పెడితే చాలా మేలు. సుమారు 5 డిగ్రీల వేడి తగ్గిన ప్రతిసారీ రంగు పోయే వేగం దాదాపు సగమవుతుంది, అటకకీ ఫ్రిజ్‌కీ తేడా మీరే లెక్కేసుకోండి. శత్రువు నీరు. ముందు రీళ్లని పొడి రోజుల్లో, దొరికితే ఎవరింట్లోనైనా ఏసీ గదిలో, డబ్బా మూత వదులుచేసి కొన్నాళ్లు ఉంచండి. తర్వాత రెండు జిప్ కవర్లు, ఒకదాంట్లో ఒకటి, గాలి నొక్కేసి మూయండి. సముద్రం ఒడ్డున ఉన్నారు కాబట్టి ఇంకోటి బాగా గుర్తుంచుకోండి: బయటికి తీసినప్పుడు కవరు విప్పకుండా ఒక రోజంతా గదిలో వదిలేయండి. చల్లటి రీలుని వెంటనే విప్పితే మన గాలిలోని తేమంతా దాని మీద నీటి బొట్లుగా దిగుతుంది. మామూలు కరెంటు కోతకి భయం లేదు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ అప్పుడు చూశాం కదా, రోజుల తరబడి కరెంటు రాలేదు, అలాంటప్పుడు కూడా కవర్లు విప్పకుండా ఫ్రిజ్ నుంచి తీసి ఇంట్లో ఎత్తైన, నీడ ఉన్నచోట పెట్టండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో పాత ప్రింట్లు కొంటున్నాను. రంగు బాగుందని రాస్తారు, వచ్చాక చూస్తే ఎరుపు. కొనేముందు ఎలా పోల్చుకోవాలి?
– ఒక కలెక్టర్, బొబ్బిలి

జవాబు: ఫిల్మ్‌ని తెల్ల కాగితం మీద పరిచి పగటి వెలుతురులో ఫొటో పంపమనండి, తెర మీద వేసిన ఫొటో నమ్మొద్దు, ఎందుకంటే ఫోన్ కెమెరా తనంతట తానే రంగు సరిచేసేస్తుంది. అంచు కనిపించాలి. అంచున ఎల్‌పిపి అని ఉంటే ధైర్యంగా కొనండి, 1980ల మొదట్లో కొడాక్ తెచ్చిన, రంగు నిలబడే రకం అది. అంచున గుండ్రం, చతురస్రం, త్రికోణం గుర్తులుంటే తయారైన ఏడాది చెబుతాయి కానీ అవే గుర్తులు ఇరవై ఏళ్లకోసారి మళ్లీ వస్తాయి, ఒక్కదాన్నే పట్టుకుని తేల్చకండి. 16 ఎంఎంలో పాత టెక్నికలర్ ఐబి ప్రింట్లు దొరికితే వదలకండి, అవి అచ్చుయంత్రంలో రంగులు అద్దినట్టు తయారైనవి, అమెరికాలో 1970ల మధ్యలో ఆపేశారు, ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అమ్మేవాళ్లు "కాస్త వెచ్చటి టోన్" అని రాస్తే అది ఎరుపే అనుకోండి.

ప్రశ్న: స్కాన్ అయిపోయాక అసలు రీలు పారేయొచ్చా? చోటు చాలట్లేదు.
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: వద్దమ్మా. హార్డ్ డిస్క్ ఏ రోజు మొరాయిస్తుందో ఎవరికీ తెలీదు, రేపు ఇంతకంటే మంచి స్కానర్ వస్తే మళ్లీ తీయాల్సింది ఆ రీలు నుంచే. ఫైళ్లు రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి. ఊరి జాతర, పాత వీధులు, వరదలు లాంటివి ఉన్న రీళ్లయితే పారేసే ముందు పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కి గానీ, ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కి గానీ ఒక ఉత్తరం రాయండి. రీలు కొలత, నిడివి, అందులో ఏముందో, ఏ ఊరో, సుమారు ఏ ఏడాదో రాస్తే చాలు.