రిపోర్టు వచ్చేలోగా స్థలం అమ్మకండి

ప్రశ్న: మాది గాజువాక. మా పాపకు ఏడేళ్లు. మూడు వారాలుగా జ్వరం తగ్గడం లేదు, ఒంటి మీద కమిలిన మచ్చలు వస్తున్నాయి. రక్తకణాలు బాగా పడిపోయాయని మొన్న ఎముక మజ్జ పరీక్ష చేశారు. పూర్తి రిపోర్టుకు వారం పది రోజులు పడుతుందట. మావారు పరవాడలో ఒక ప్రైవేటు ఫార్మా కంపెనీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నారు. కంపెనీ ద్వారా కుటుంబానికి 5 లక్షల బీమా ఉంది. నేను ప్రైవేటు బడిలో టీచరును. 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, పాపకు ఏడాది నిండినప్పుడు తెరిచిన సుకన్య ఖాతా, నా నగలు, సగం నడిచిన ఒక చీటీ, ఆనందపురం దగ్గర 150 గజాల స్థలం ఉన్నాయి. స్థలం ఇప్పుడే అమ్మేద్దామని మావారు అంటున్నారు. ఉద్యోగం కూడా మానేసి పాప దగ్గరే ఉంటానంటున్నారు. రిపోర్టు రాకముందే పాప పేరిట పెద్ద పాలసీ తీసుకోమని మా తమ్ముడు తొందరపెడుతున్నాడు. ఏం చేయాలో తోచడం లేదు.
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందుగా స్థలం సంగతి. ఈ వారం అమ్మకండి, ఎవరి దగ్గరా అడ్వాన్సు కూడా తీసుకోకండి. మీకు ఎంత డబ్బు కావాలో, ఎన్నాళ్లలో కావాలో చెప్పేది ఆ రిపోర్టే. కొద్ది వారాల మందులతో తగ్గే జబ్బు అయితే బీమా, డిపాజిట్ సరిపోవచ్చు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్ అయితే చికిత్స సాధారణంగా రెండు మూడేళ్లు సాగుతుంది. మొదటి నెలల్లో ఖర్చు ఎక్కువ, తర్వాత తగ్గుతూ వస్తుంది. ఆ క్యాన్సర్ చికిత్సకు లొంగి పూర్తిగా నయమైన పిల్లలు చాలామంది ఉన్నారు, ఇది కూడా మీరు గుర్తుంచుకోవాలి. మజ్జ మార్పిడి అవసరమైతే మాత్రం పెద్ద మొత్తం ఒకేసారి కావాలి. ఈ మూడింటికీ డబ్బు సర్దుకునే తీరు వేరు. పాప ఆసుపత్రిలో ఉందని తెలిశాక కొనేవాడు ఎలాగూ ధర తగ్గించే అడుగుతాడు. అంత నష్టపడి అమ్మినా, ఒప్పందం నుంచి రిజిస్ట్రేషన్ దాకా వారాలు పడుతుంది కాబట్టి ఈ పది రోజుల అవసరానికి ఆ డబ్బు అందదు. అసలు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు యజమానుల నాటి పత్రాలు) ఒకచోట పెట్టి, కొత్తగా ఈసీ (స్థలం మీద అప్పులు, లావాదేవీలు ఏమున్నాయో చూపే ధ్రువపత్రం) తీయించి ఉంచండి. అమ్మక తప్పని రోజు వస్తే కాగితాల కోసం ఆగే పని ఉండదు.

మీ తమ్ముడి మాట గురించి కాస్త వివరంగా చెప్పాలి. మేనకోడలి మీద ప్రేమతోనే అంటున్నాడు, కానీ ఆ పాలసీ మీకు అక్కరకు రాదు. ప్రపోజల్ ఫారంలో ప్రస్తుతం ఏమైనా లక్షణాలు ఉన్నాయా, పరీక్షలు ఏమైనా చేయించారా అని స్పష్టంగా అడుగుతారు. జ్వరం, మజ్జ పరీక్ష సంగతి నిజంగా రాస్తే కంపెనీ పాలసీ ఇవ్వదు, లేదా ఈ జబ్బుకు మూడేళ్ల వరకు వర్తించదని షరతు పెడుతుంది. రాయకుండా దాచితే, క్లెయిము వచ్చిన రోజు ఆసుపత్రి రికార్డులు తెప్పించుకుంటుంది. పరీక్ష తేదీ పాలసీ తేదీ కంటే ముందు కనిపించగానే క్లెయిము తిరస్కరిస్తుంది, పాలసీ రద్దు చేస్తుంది. కట్టిన ప్రీమియం పోతుంది, దాని మీద పెట్టుకున్న ఆశ చికిత్స మధ్యలో కూలిపోతుంది. పైగా కొత్త పాలసీల్లో ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు ఏ జబ్బుకూ బీమా వర్తించదు. ‘పర్వాలేదు, రాయకండి’ అని ఏజెంటు ఎంత ధైర్యం చెప్పినా, ఫారం మీద సంతకం మీది. మీ దంపతులకు, మిగతా కుటుంబానికి సొంత పాలసీ కావాలంటే తర్వాత, అన్నీ నిజంగా రాసి తీసుకోవచ్చు.

మీకు ఇప్పుడున్న అసలు బలం మీవారి ఉద్యోగం. ఉద్యోగం ఉన్నంతకాలమే కంపెనీ బీమా ఉంటుంది. ఇలాంటి గ్రూపు పాలసీల్లో చాలావరకు పాత జబ్బులకు నిరీక్షణ కాలం (బీమా వర్తించడానికి ఆగాల్సిన గడువు) ఉండదు. ఏటా పాలసీ పునరుద్ధరించినప్పుడు ఆ 5 లక్షలు మళ్లీ కొత్తగా మొదలవుతాయి. చికిత్స రెండు మూడేళ్లు నడిస్తే ఆ లెక్క ఎంత పెద్దదో చూడండి. రాజీనామా చేస్తే జీతంతో పాటు ఇదంతా పోతుంది, ఆ తర్వాత పాపకు కొత్తగా బీమా దొరకడం చాలా కష్టం. తండ్రిగా ఆయన పాప పక్కనే ఉండాలనుకోవడం నాకు అర్థమవుతుంది. చికిత్స మొదలయ్యే తొలి రోజుల కోసం నిల్వ ఉన్న సెలవులు దాచుకోమనండి. జీతం లేని సెలవు పెట్టాల్సి వస్తే ఆ కాలంలో బీమా కొనసాగుతుందా అని హెచ్ఆర్ వాళ్లను ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోమనండి. ఎవరో ఒకరు దీర్ఘకాలం ఉద్యోగం ఆపక తప్పకపోతే అది మీదై ఉండటం మేలు. చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది, కానీ మీ ఉద్యోగానికి బీమా ముడిపడి లేదు.

అదే హెచ్ఆర్ దగ్గర పాలసీ కార్డులో పాప పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూడమనండి. గది అద్దె పరిమితి ఎంతో తప్పక కనుక్కోండి. రోజుకు 5,000 పరిమితి ఉండగా 8,000 గదిలో చేరితే, చాలా పాలసీల్లో గది తేడాతో ఆగదు, డాక్టరు ఫీజుల వంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. 5 లక్షలు దాటితే కంపెనీ ఉమ్మడి నిధి నుంచి అదనంగా ఇచ్చే ఏర్పాటు కొన్ని గ్రూపు పాలసీల్లో ఉంటుంది, ఉద్యోగి అడిగితేనే బయటపడే విషయం ఇది. చేరకముందు చేసిన పరీక్షల బిల్లులకు కూడా సాధారణంగా 30 రోజుల వరకు డబ్బు వస్తుంది కాబట్టి మొన్నటి మజ్జ పరీక్ష బిల్లు, డాక్టరు రాసిన చీటీ భద్రపరచండి. కీమోకు ఒక్కరోజు వెళ్లి వచ్చినా డే కేర్ కింద చెల్లుతుంది.

రైస్ కార్డు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, మనకు ఆరోగ్యశ్రీగా అలవాటైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం క్యాన్సర్ చికిత్సలకూ వర్తిస్తుంది. ఆసుపత్రిలో ఆ పథకం సహాయ కేంద్రంలో ఉండేవారిని కలవండి. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీ గాజువాకకు దగ్గరే. రిపోర్టు క్యాన్సర్ వైపు సూచిస్తే, పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చే ముందు అక్కడ ఒకసారి చూపించండి.

ఇక చేతిలో ఉండాల్సిన డబ్బు. డిపాజిట్ పూర్తిగా రద్దు చేయకుండా దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ పెట్టించుకోండి. తీసుకున్నంతకే వడ్డీ పడుతుంది, వాడకపోతే ఏమీ పోదు. ఈ వారానికి ఇది చాలు. నగలు అమ్మవద్దు, అవసరమైతే బ్యాంకులో పెట్టి అప్పు తీసుకోండి. చీటీ ఇప్పుడే పాడుకుంటే తగ్గింపు ఎక్కువ పోతుంది, ఆగండి. పీఎఫ్ గురించి మీరు ప్రస్తావించలేదు గానీ, తొమ్మిదేళ్ల సర్వీసుకు అందులో చెప్పుకోదగ్గ మొత్తమే ఉండాలి. కుటుంబ సభ్యుల చికిత్సకు అందులోంచి తీసుకోవచ్చు, తిరిగి కట్టనక్కర్లేదు. యూఏఎన్‌కు (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే నంబరు) ఆధార్, బ్యాంకు ఖాతా సరిగా జతయ్యాయో ఈ రోజే చూడమనండి. క్లెయిములు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. సుకన్య ఖాతాను ముట్టుకోకండి. ఐదేళ్లు నిండింది కాబట్టి ఖాతాదారు ప్రాణాపాయ జబ్బుకు గురైతే ముందుగా మూసే వీలు నిబంధనల్లో ఉంది, కానీ అది చివరి మెట్టు. ఈ ఏడాది 250 రూపాయలు కట్టినా ఖాతా నడుస్తుంది. బంధువులు అప్పుగా ఇస్తామంటే బ్యాంకు ద్వారానే తీసుకోండి. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు చెప్పేది మీ ఇద్దరి చెవికీ పూర్తిగా ఎక్కకపోవచ్చు. మీ తమ్ముణ్ని వెంట తీసుకెళ్లండి, రాసుకునే బాధ్యత అతనికి ఇవ్వండి. జబ్బు పేరేమిటి, చికిత్స ఎన్ని నెలలు, మొదటి మూడు నెలలకు ఎంత కావచ్చు, మజ్జ మార్పిడి అవసరం పడే అవకాశం ఉందా, ఇదే చికిత్స అగనంపూడిలో దొరుకుతుందా అని అడిగి, ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకోమనండి. ఆ అంచనా, పాలసీలో గది అద్దె పరిమితి, పీఎఫ్ నిల్వ నాకు రాసి పంపండి. స్థలం అమ్మాలా, అమ్మితే ఎప్పుడు అన్నది అవి చూశాక తేల్చుకుందాం. వరుసలో ఉన్న మిగతా ఉత్తరాల కంటే ముందు మీకు జవాబిస్తాను.