మంచం పాతదైనా పరవాలేదు, పరుపు మాత్రం కొత్తదే కొనండి

ప్రశ్న: పెళ్లయి నాలుగు నెలలైంది. ఇన్నాళ్లూ అత్తగారింట్లో ఉన్నాం. వచ్చే నెల మూసాపేటలో అద్దె ఇంటికి మారుతున్నాం. ఇద్దరి జీతాలూ కలిపి 46,000. అద్దెతో సహా ఖర్చులు 35,000 అవుతాయని లెక్క వేసుకున్నాం. అద్దె అడ్వాన్సు కట్టేశాక చేతిలో 90,000 ఉంది. మంచం, పరుపు, బీరువా, డైనింగ్ టేబుల్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, స్టవ్, మిక్సీ అన్నీ కలిపి షోరూమ్‌లో 1,15,000 చెప్పారు. ఏడాదికి నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని నెలవారీ వాయిదాలు, ఇస్తామంటున్నారు. నాకేమో సెకండ్ హ్యాండ్‌లో కొనాలని ఉంది. ‘కొత్త కాపురానికి పాత సామానా? నలుగురూ ఏమనుకుంటారు?’ అని అత్తయ్య బాధపడుతున్నారు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ ఆలోచన మంచిదే. అయితే అన్నీ పాతవి కొంటే ఒకచోట మిగిలింది ఇంకోచోట పోతుంది. ఏది పాతది కొనాలో ఆ వస్తువు దేనితో చేశారో చూసి తేల్చుకోండి. కర్ర, ఇనుము, స్టీలు వాడితే అరిగిపోయేవి కావు. మోటారు కొంత అరుగుతుంది, కాబట్టి పరీక్షించి తీసుకోవాలి. రబ్బరు, ఫోమ్ మాత్రం వాడినకొద్దీ పాడవుతాయి. వాటిని పాతవి కొనొద్దు.

మంచంతో మొదలుపెడదాం. షోరూమ్‌లో 22,000 చెప్పే మంచాలు చాలావరకు ప్లైవుడ్‌వో, రంపపుపొట్టును జిగురుతో అచ్చుపోసిన చెక్కవో. ఇల్లు తుడిచే నీళ్లు, నాలుగు వానాకాలాల తేమ తగిలితే మంచం కాళ్లు ఉబ్బుతాయి. అందులో మూడో వంతు డబ్బుకే పాత టేకు మంచం వెతికితే దొరుకుతుంది. మీకు ఎర్రగడ్డ దగ్గరే, అక్కడి ఆదివారం సంతకు ఒకసారి వెళ్లి రండి. మొదటి వారం ఏమీ కొనకండి, ధరలు మాత్రం విని రండి. రెండోసారి వెళ్లినప్పుడు టార్చి తీసుకెళ్లండి. మంచం కింద సన్నటి పొడి రాలుతుంటే చెక్కలో పురుగు ఉన్నట్టు. సందుల్లో నల్లటి చుక్కలుంటే నల్లులు. రెండింటిలో ఏది కనిపించినా వదిలేయండి. గీతలు పడినా, పాలిష్ పోయినా భయం లేదు, వడ్రంగి ఒక్క రోజులో సరిచేస్తాడు.

పాత ఇళ్లు పడగొట్టేటప్పుడు వచ్చే తలుపులు, కిటికీలు, ద్వారబంధాలు అమ్మే అడితీలు కూడా ఉంటాయి. మంచి టేకు తలుపు ఒకటి తెచ్చి కాళ్లు బిగిస్తే నలుగురు కూర్చునే భోజనాల బల్ల అవుతుంది. నేను ఈ జవాబు రాస్తున్న బల్ల మా అమ్మమ్మగారింటి వీధి తలుపే. గొళ్లెం పెట్టిన చోట గుంట ఇంకా అలాగే ఉంది. దాన్ని పూడ్చనివ్వలేదు నేను.

బీరువా కొనేటప్పుడు వంచి అడుగు భాగం చూడండి, తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది. ఇంటికి తెచ్చిన రోజే తాళం మార్పించండి. పాత తాళంచెవులు ఇంకెవరి దగ్గర ఉన్నాయో మనకు తెలియదు.

ఫ్రిజ్ కొత్తదే తీసుకోమంటాను. అది రోజంతా కరెంటు మీదే ఉంటుంది. కొత్తదాని మీద ఉండే స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది, లేబుల్ ఏ సంవత్సరానిదో కూడా ఉంటుంది. స్టార్ల లెక్కను మధ్య మధ్యలో కఠినం చేస్తుంటారు, అందుకే పదేళ్ల కిందటి అయిదు స్టార్లూ ఇప్పటి అయిదు స్టార్లూ ఒకటి కావు. ఏడాదికి 200 యూనిట్లు ఎక్కువ కాలిందనుకున్నా, యూనిట్ 6 రూపాయల చొప్పున 1,200 అదనం. కంప్రెసర్ పోతే అది వేరే ఖర్చు. వాషింగ్ మెషీన్ అలా కాదు, ఇద్దరి బట్టలకు రోజు విడిచి రోజు ఓ గంట తిరుగుతుంది. పాతది చాలు. కానీ నీళ్లు పోసి, బట్టలు వేసి, పూర్తిగా ఒకసారి తిప్పి చూపించమనండి. పిండేటప్పుడు గరగరమని మోత వస్తే బేరింగ్ పోయినట్టే.

పరుపు, గ్యాస్ స్టవ్, దాని ట్యూబు కొత్తవే కొనాలి. ఇక్కడ రూపాయి కూడా మిగుల్చుకోవద్దు.

మీ షోరూమ్ లిస్టునే ఇలా మార్చి రాశాను. మంచం 7,000, బీరువా 6,000, బల్ల 5,000, వాషింగ్ మెషీన్ 8,000, ఇవి పాతవి. ఫ్రిజ్ 27,000, పరుపు 9,000, స్టవ్, మిక్సీ 7,000, ఇవి కొత్తవి. ట్రాలీ ఆటో, పాలిష్, చిన్న రిపేర్లకు 6,000. మొత్తం 75,000. అప్పు అక్కర్లేదు, 15,000 మిగులుతుంది. అది మరీ తక్కువని నాకూ భయమే. అందుకే బల్ల, వాషింగ్ మెషీన్ మూడు నెలలు వాయిదా వేయండి. అప్పుడు చేతిలో 28,000 ఉంటుంది.

‘ఈఎంఐ తీసుకుంటే 90,000 అలాగే ఉంటుంది కదా’ అని మీ వారు అడగవచ్చు. నిజమే. కానీ నెలనెలా 9,600 పోతే మీకు మిగిలేది 1,400. ఏడాది చివర ఆ 90,000తో కలిపినా చేతిలో ఉండేది దాదాపు 1,07,000. నేను చెప్పిన పద్ధతిలో ఆ ఈఎంఐ డబ్బులోనే నెలకు 9,500 చొప్పున ఆర్‌డీలో (బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేస్తే అదొక్కటే 1,14,000 అవుతుంది. చేతిలో ఉన్న 15,000, నెలకు మిగిలే 1,500 కలిస్తే 1,47,000. వడ్డీ దీనికి అదనం. మీకు నాలుగు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు చేతిలో ఉన్నట్టే. పైగా సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. నగదుకు వచ్చే డిస్కౌంటు పోవడమో, ప్రాసెసింగ్ ఫీజో, ఏదో రూపంలో వడ్డీ మీరే కడతారు.

ఆన్‌లైన్‌లో చూసి కొంటే వస్తువు కళ్లారా చూడకుండా అడ్వాన్సు పంపొద్దు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అత్తయ్యగారి బాధను తేలిగ్గా తీసుకోకండి. కొడుకు కాపురం లోటు లేకుండా మొదలవ్వాలన్న ఆశ అది. ఆవిడను అటక మీది సామాను చూపించమని అడగండి. స్టీలు డబ్బాలు, ఇత్తడి గిన్నెలు, ఇనుప పెనం, ఎంతో కొంత ఉండే ఉంటుంది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించాలి, కుక్కర్ ఉంటే గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ మార్పించాలి. ఆవిడ చేతితో ఇచ్చిన గిన్నెలో మీరు మొదటి రోజు పాలు పొంగిస్తే, పాత సామాను అన్న మాటే ఆవిడ నోట రాకపోవచ్చు. బేరానికి కూడా ఆవిడనే తీసుకెళ్లండి.

ఆర్‌డీ ఈ నెల జీతం పడిన మర్నాడే మొదలుపెట్టండి. ఎర్రగడ్డకు ఆ తర్వాతి ఆదివారం వెళ్లొచ్చు.