పెట్టుబడికి ముందు సరుకు ఎవరి సొమ్ముతో నిలవ ఉందో చూడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

పొదుపు సొమ్మును తయారీ పరిశ్రమలో పెట్టాలా, ఆన్‌లైన్ వ్యాపారంలో పెట్టాలా అని అడిగావు. ఆ రెండింటిలో ఏది మేలో తేల్చే ముందు, నీవు ఎంచుకున్న సంస్థలో సరుకు ఎవరి సొమ్ముతో నిలవ ఉంటోందో విచారించు.

పెద్ద ఆన్‌లైన్ వేదికలు కొనుగోలుదారు దగ్గర డబ్బు వెంటనే తీసుకుని, సరఫరాదారుకు గడువు మీద చెల్లిస్తాయి కనుక, ఆ నడుమ కాలంలో ఆ సొమ్ము వాటికి వడ్డీ లేని మూలధనం అవుతుంది. తయారీదారు మాత్రం ముడిసరుకుకూ కూలికీ ముందే చెల్లించి, బ్యాంకుకు వడ్డీ కట్టుకుంటూ ఎదురుచూస్తాడు. అమ్మకాలు రెట్టింపయ్యాయని చెబితే, రావలసిన బాకీలు ఎంత పెరిగాయో అడుగు.

వాపసుల లెక్క ఇంకా నిశితంగా చూడాలి. ఒక చొక్కా తిరిగి వస్తే రానుపోను రవాణా, విప్పి చూసి మళ్ళీ ఇస్త్రీ చేసి కొత్త కవరులో పెట్టే కూలి, ఈలోగా సీజను దాటితే తగ్గించి అమ్మవలసిన ధర, ఇవన్నీ వేర్వేరు పద్దుల్లో చెదిరిపోయి పైకి కనబడవు. కమీషను, ప్రకటనల ఖర్చు కూడా కలిపి, ఒక్క వస్తువుకు మిగిలేదెంతో రాసి ఇమ్మను.

పాత దుకాణాలన్నీ ఆన్‌లైన్ దెబ్బకే మూతపడ్డాయన్న మాటను పూర్తిగా నమ్మకు. 2017లో టాయ్స్ ఆర్ అస్ అనే అమెరికా బొమ్మల దుకాణాల సంస్థ దివాలా రక్షణ కోరేనాటికి దానిపై సుమారు 500 కోట్ల డాలర్ల అప్పుంది. అందులో పెద్ద భాగం 2005లో ఆ సంస్థను కొన్నవారు అందుకోసం తెచ్చి దాని నెత్తినే పెట్టిన అప్పు భారమే. వడ్డీలు కట్టగా మిగిలినదానితో దుకాణాలను, వెబ్‌సైటును బాగుచేసుకునే వెసులుబాటు దానికి లేకపోయింది. అటు ఇంటికే కిరాణా చేరవేసిన వెబ్‌వాన్ కూడా గిరాకీ కుదరకముందే గోదాములపై విపరీతంగా ఖర్చుపెట్టి 2001లో మూతపడింది.

ఆన్‌లైన్ వల్ల బాగుపడే పాత పరిశ్రమలూ ఉన్నాయి, వాటిని ఎందుకో ఎవరూ పట్టించుకోరు. పత్రికల కాగితానికి గిరాకీ పడిపోయాక కొన్ని మిల్లులు తమ యంత్రాలను మార్చుకుని అట్టపెట్టెల కాగితం తయారుచేస్తున్నాయి. అటువంటి సంస్థకు కొనుగోలుదారులు పలువురుంటే నేను సందేహించను. ఒకే వేదిక మీద ఆధారపడితే మాత్రం, ఆ వేదిక ధర తగ్గించమన్ననాడు కాదనే శక్తి దానికి ఉండదు.

బాకీల జాబితాను ఎన్నాళ్ళ నుంచి రావాలో తేదీల వారీగా తెప్పించి నాకు పంపు. అది చూసేదాకా బయానా ఇవ్వవద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న