పూతరేకుల క్యాప్షన్లు రాసే అమ్మాయికి

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథా, దాంతోపాటు పంపిన స్వీట్ల దుకాణం క్యాప్షన్లూ చదివాను. పొద్దస్తమానం ఇవే రాస్తుంటే కథ రాసే చెయ్యి పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉందన్నావు. ఉద్యోగం మాత్రం మానకు. ప్రకటనలు రాసుకుని బతకడంలో చిన్నతనమేమీ లేదు. నెలజీతం లేని రచయితల కథల్లో ఏడుపు కాస్త ఎక్కువే ఉంటుంది కూడా. కాకపోతే ఆ దుకాణం మాటలు కొన్ని నీకు తెలీకుండానే కథలోకొచ్చి కూర్చున్నాయి. వాటి గురించే ఈ ఉత్తరం.

"పూతరేకంటే స్వీటు కాదు, ఒక ఎమోషన్" అని నీ క్యాప్షన్. "గోదారంటే నది కాదు, ఒక ఎమోషన్" అని నీ కథ మూడో పేజీ. ఈమధ్య బిర్యానీ ఎమోషన్, క్రికెట్ ఎమోషన్, ఆవకాయ ఎమోషన్. మా వీధి చివర టీ కొట్టు బోర్డు మీద చాయ్ కూడా ఎమోషనే. సరే, మరి నీ కథలో తండ్రి పడవ అమ్మేసి రేవు మెట్లెక్కి ఇంటికొచ్చాడే, ఆయనకి లోపల కలిగినదాన్ని ఏమనాలి? ఆ ముక్క రాయాల్సిన చోట "ఆయన జర్నీ అక్కడితో ముగిసింది" అని దాటేశావు. నాకు అక్కడ ఒళ్లు మండింది. పడవ ఎంతకి పోయిందో, గెడ కూడా ఇచ్చేశాడో, ఇంటికి తెచ్చుకున్నాడో చెప్పి ఉంటే నా అంతట నేనే బాధపడేవాణ్ణి.

ఇలాంటి మాటల్ని పట్టుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. వాక్యంలోంచి వస్తువు పేరు తీసేసి ఇంకోటి పెట్టి చదువుతాను. "తరతరాల రుచి, ప్రీమియం క్వాలిటీ, మరపురాని అనుభవం" అని రాశావు. పూతరేకుల చోట నెయ్యి పెట్టు, కాజా పెట్టు, వేరుశెనగ చిక్కీ పెట్టు. వాక్యం కిమ్మనదు. ఇప్పుడు పూతరేకులు తీసే ఆత్రేయపురంలో నువ్వు వెళ్లినప్పుడల్లా చూసేదే రాయి. బోర్లించిన కుండ, లోపల కొబ్బరి మట్టల మంట, పాలలా పల్చగా ఉన్న బియ్యప్పిండి. గుడ్డముక్క ఆ పిండిలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే, చెయ్యి అవతలికి చేరేలోపు రేకు ఆరిపోయి అంచు లేస్తుంది. ఇందులో కాజా పెట్టి చూడు, కుదరదు. చాలాచోట్ల రేకులు తీసేవాళ్లు వేరు, నెయ్యీ పంచదారా వేసి చుట్టేవాళ్లు వేరు. నీ క్యాప్షన్లలో చుట్టిన స్వీటు ఉంది, డబ్బా ఉంది, డబ్బాకి కట్టిన రిబ్బను కూడా ఉంది. ఆ సెగ ముందు కూర్చున్న మనిషి ఒక్క వాక్యంలో కూడా లేదు.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. మన సాహిత్యంలో విశేషణాలకి కాపలా ఎవరూ లేరు గానీ తిండి వస్తువుల మీద రాసే విశేషణాలకి ఉన్నారు. ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనలు తీరిగ్గా చదువు. "తాజా" అనాలంటే కడగడం, తొక్క తీయడం, కోయడం, చల్లబరచడం లాంటివి తప్ప ఆ సరుకుకి ఇంకేమీ చేసి ఉండకూడదు. "సంప్రదాయ" అనాలంటే ఆ తయారీ పద్ధతి తరతరాలుగా పెద్దగా మారకుండా వస్తున్నట్టు చూపించగలగాలి. 2024 జూన్‌లోనైతే, గాఢరసంలో నీళ్లు కలిపి తయారుచేసే జ్యూసుల మీద "100 శాతం పండ్ల రసం" అన్న మాటే తీసెయ్యమన్నారు. చాక్లెట్ పూతరేకుల మీద నువ్వు "సంప్రదాయ" అని రాశావు, మీ ఓనరుకి ఈ సంగతి కాస్త చెప్పు.

సరుకు కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య డబ్బు మారే చోట మాట ఎంత కచ్చితంగా ఉంటుందో చూడాలంటే పొద్దున్నే పేపర్లో అంబాజీపేట కొబ్బరి ధరలు చదువు. కురిడీ, అంటే చిప్పలోనే ఎండిన కొబ్బరి, పాతవి, అందులో మళ్లీ గండేరా రకానికి ఒక ధర, గటగట రకానికి ఒక ధర. కొత్తవాటికి వేరే. నీటికాయలో పాతదీ కొత్తదీ వేరు. అన్నీ వెయ్యి కాయల లెక్కన. అదే పేజీ కింది భాగంలో ఏదో వెంచర్ ప్రకటన ఉంటుంది: "ప్రకృతి ఒడిలో లగ్జరీ జీవనం, హైవేకి కూతవేటు దూరంలో". ఆ ప్లాటులో నిలబడి ఎవరైనా కూత పెట్టి చూశారో లేదో నాకు తెలీదు. పై పట్టికలో ఒక మాట తప్పు పడితే ఆ పూటే ఫోన్లు మోగుతాయి. కింద ప్రకటనలో మాటలన్నీ తారుమారు చేసినా ఎవరూ అడగరు.

నువ్వు ఇంగ్లిష్ మాటలన్నీ ఏరిపారేసి బయటపడదామనుకుంటావేమో. లాభం లేదు. "నెక్స్ట్ లెవెల్" కొట్టేసి "అత్యద్భుతం" పెడితే ఒరిగేదేమీ లేదు. పైగా మన దగ్గర అచ్చ తెలుగులో పుట్టిన బజారు సరుకు బోలెడుంది, నీ కథలో ఎక్కువున్నది అదే. కొబ్బరాకుల గలగలలు, కేరళను తలదన్నే అందాలు, కల్మషం లేని గోదారోళ్లు, అన్నపూర్ణ లాంటి డెల్టా, కాటన్ దొర పేరు వస్తే చాలు అపర భగీరథుడు. టూరిజం బ్రోచర్ రాసేవాడికి ఇవి కావాలి, పాపం. నువ్వు ఇక్కడే పుట్టావు, నీకెందుకు?

కాటన్ గురించి రాస్తే రాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలువలొచ్చాయి, నిజమే. ఆ కాలువ చివర శివారు పొలంలో ఉన్న రైతుని కూడా అడుగు, నీళ్లు ఎప్పుడొస్తాయో, వానాకాలంలో ముంపు ఎన్నాళ్లు నిలబడుతుందో. 2011లో ఇదే కోనసీమలో రైతులు గిట్టుబాటు కాక ఖరీఫ్‌లో నాట్లే వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు. "అన్నపూర్ణ" అని రాసిన వాక్యంలో ఆ ఏడాదిని ఎక్కడ పెడతావు? పులస చేప సంగతీ అంతే. సీజన్ రాగానే ప్రతివాడూ "పుస్తెలమ్మైనా పులస తినాలి" అని మొదలుపెడతాడు. యానాంలో బేరమాడేవాళ్లు మాత్రం సామెతలు చెప్పరు. మొప్పలెత్తి చూసి, ఇది వరద నీటికి ఎదురీదిన చేపా, ఒడిశా నుంచి ఐసులో వచ్చిందా అని అడుగుతారు. కథకి పనికొచ్చేది ఆ ప్రశ్న.

నరసాపురం లేసు గురించి రాసిన పేరాలో "మహిళా సాధికారత" అన్నావు. ముక్కకి కూలి ఎంతో రాయి, సాధికారత ఉందో లేదో చదివేవాళ్లు తేల్చుకుంటారు.

ఈ మాటల్ని పూర్తిగా వెలి వెయ్యనక్కర్లేదు. నీ కథలో రియల్ ఎస్టేట్ చేసే మేనల్లుడున్నాడు కదా, వాడి నోట్లో పెట్టు. "మావయ్యా, ఈ తోట ఇచ్చెయ్, ఏరియా నెక్స్ట్ లెవెల్‌కి వెళ్తుంది" అని వాడు అంటే మాకు వాడూ తెలుస్తాడు, తోటకేం కాబోతోందో కూడా తెలుస్తుంది. నువ్వు కథ చెప్పే గొంతులో వాడి భాష వచ్చిందంటే మాత్రం ఆ తోట నువ్వే అమ్మేసినట్టు.

ఫొటోల కోసం ఎటూ మళ్లీ ఆత్రేయపురం వెళ్తావు. ఈసారి రేకులు తీసే ఆవిడ పక్కన కాసేపు కూర్చో. వంద రేకులకి ఎంత ఇస్తారో, వానాకాలంలో మట్టలు తడిస్తే ఏం చేస్తుందో అడుగు. క్యాప్షన్‌కి ఉపయోగపడకపోవచ్చు, రాసుకో. పడవ అమ్మిన పేజీ మాత్రం మళ్లీ రాసి పంపు. ప్రింటు తీసి పోస్టులో పంపితే మంచిది, ఫోన్లో చదివితే కళ్లు లాగుతున్నాయి.

ఉంటాను,
మాస్టారు