ల్యాబ్ వికీ చూసుకోమన్నారంటే మా పాపను గుమాస్తాను చేసినట్టేనా?

అనంతపురం నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల పాప బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేసి అక్కడే ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరిందంట, వేరుశనగ మీద పని. కొన్ని నెలలకే గైడ్ సార్ ల్యాబ్‌లో అందరి ప్రొటోకాల్స్ (ప్రయోగం ఎట్లా చేయాలో రాసిన పద్ధతులు), ప్రైమర్ల (డీఎన్ఏ పరీక్షల్లో వాడే చిన్న డీఎన్ఏ ముక్కల) లిస్టు, డేటా ఫైళ్లు అన్నీ ఆన్‌లైన్‌లో ఒక చోట, అంటే ల్యాబ్ వికీలో, పెట్టి చూసుకోమని ఆమెకు అప్పజెప్పారంట. "సైంటిస్టు అవుతుందని చదివిస్తే కూర్చుని ఫైళ్లు సర్దుతా ఉంది, మాన్పించి బెంగళూరులో ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించేదా" అని అడుగుతున్నారు.

అన్నా, మాన్పించొద్దండి. అట్లని ఇప్పుడు ఎట్లా జరుగుతా ఉందో అట్లే జరగనీయొద్దు కూడా.

ముందు ఆ పని ఏందో చెప్తా. వేరుశనగ ఆకులోంచి డీఎన్ఏ తీయడానికి సీటాబ్ అని ఒక పద్ధతి ఉంది, 1980ల నుంచి అందరూ వాడేదే, ఎక్కువ చోట్ల 65 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టాలనే రాసుంటుంది. చేసేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి, ముదురాకు తీసుకుంటే అందులోని పాలీఫినాల్స్ అనే పదార్థాల వల్ల డీఎన్ఏ గోధుమ రంగుకు తిరిగి తర్వాత పీసీఆర్ (డీఎన్ఏను ఎన్నో కాపీలు చేసే పరీక్ష) సరిగా రాదు, కాబట్టి లేతాకే తీసుకోవాలి, బఫర్ ద్రావణంలో ఆ పాలీఫినాల్స్‌ను పట్టుకునే పీవీపీ కలపాలి, మెర్కాప్టోఇథనాల్ అనే ఘాటైన కెమికల్ అయితే వాడబోయే ముందు మాత్రమే, అదీ ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే కలపాలి. ఇవన్నీ ఏ సీనియర్ అక్కకో నోటికి వచ్చుంటాయి, ఆమె పీహెచ్‌డీ అయిపోయి వెళ్లిపోతే కొత్తగా చేరిన పిల్లోళ్లు మళ్లీ నెలల తరబడి కెమికల్స్ తగలేసుకుంటా మొదట్నుంచి కనుక్కోవాల్సిందే. ఎవరు చేశారు, ఏ తారీఖున, ఏ రకం విత్తనం మీద, ఏ బ్యాచ్ చెడిపోయింది, ఎందుకు చెడిపోయింది, ఇంత వివరంగా ఒక పేజీ ఉంటే ఆ నష్టం ఉండదు. ఆ పేజీ సరిగ్గా ఉందో లేదో చెప్పాలంటే సైన్స్ తెలిసిన మనిషే కావాలన్నా, టైపింగ్ వచ్చినోళ్లతో అయ్యేది కాదు.

డేటా ఫైళ్ల సంగతీ అంతే. మార్చ్1 అనే జీన్ పేరు ఎక్సెల్‌లో కొడితే అది తారీఖు అనుకుని మార్చేస్తుంది, ఎన్నో పేపర్లలో ఈ తప్పు దొర్లి దొర్లి చివరికి 2020లో మనిషి జీన్లకు పేర్లు పెట్టే కమిటీ ఆ పేర్లనే మార్చాల్సి వచ్చింది. ఇట్లాంటివి పట్టుకునేదాన్ని గుమాస్తా పని అనలేం.

ఇప్పుడు మీ పాప చేయాల్సింది. అందరి పేజీలూ తానే కూర్చుని టైప్ చేస్తా ఉంటే మీరు భయపడినట్టే అవుతుంది. ఎవరి ప్రొటోకాల్ వాళ్లే రాయాలి, ప్రతి పేజీ మీద రాసినోళ్ల పేరు, చివరిసారి సరిచూసిన తారీఖు ఉండాలి, ఏది యాడ పెట్టాలి, ఫైలు పేరు ఎట్లుండాలి అనేది మాత్రం ఆమె తేల్చాలి. ఇంకోటి, ఇది శానా ముఖ్యం, ఈ ఫైళ్లు పెట్టే ఆన్‌లైన్ అకౌంట్లు ఎవరి సొంత జీమెయిల్ మీదా ఉండకూడదు, ల్యాబ్ పేరుతో ఉండాలి, గైడ్‌తో పాటు అక్కడ పర్మినెంట్‌గా ఉండే ఇంకొకరికి కూడా అడ్మిన్ హక్కులుండాలి. లేకుంటే ఒక స్టూడెంట్ ల్యాబ్ వదిలి వెళ్లిన రోజే ఫోల్డర్ కూడా పోతుంది. పాస్‌వర్డులు అందులో రాయొద్దు, పబ్లిష్ కాని డేటా గైడ్ ఒప్పుకోకుండా పబ్లిక్ చేయొద్దు, బ్యాకప్ ఇంకోచోట ఉండాల.

ప్రొటోకాల్స్, కోడ్ లాంటివి గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు, ఎవరు ఏ మార్పు చేశారో చరిత్ర అంతా అందులో ఉంటుంది, కాకపోతే 100 ఎంబీ దాటిన ఫైలును తీసుకోదు. పని పూర్తయిన డేటాను జెనోడో అనే వెబ్‌సైట్‌లో పెట్టాలి, సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థ వాళ్లు 2013 నుంచి నడుపుతున్నారు, ఫ్రీ, దేనికదే డీఓఐ నంబర్ (ఎప్పటికీ మారని లింకు లాంటిది) ఇస్తుంది. డీఎన్ఏ సీక్వెన్స్ డేటాకైతే ఫరీదాబాద్‌లో ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ ఉంది, 2022లో ప్రారంభించారు.

ఆ డీఓఐ ఎందుకంటున్నానంటే, అక్కడ డేటా తయారుచేసినోళ్ల పేర్లలో మీ పాప పేరుండాలి. పరిశోధకులకు ఒక్కొక్కరికి విడిగా ఇచ్చే ఆర్కిడ్ ఐడీ తీసుకోమనండి, అదీ ఫ్రీనే, పెట్టిన ప్రతి డేటాసెట్‌కూ దాన్ని జత చేసుకోమనండి. రేపు ఇంటర్వ్యూలో "ల్యాబ్ రికార్డులు చూసుకున్నా" అంటే ఎవరూ పట్టించుకోరు, లింకు తెరిచి చూపిస్తే పది నిమిషాలు దాని మీదే అడుగుతారు. ఈ మాట గైడ్‌తో ముందే మాట్లాడుకోవాలి, పేపర్ అయిపోయాక అడిగితే బాగుండదు.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఓపిక ఉంది, నీట్‌గా చేస్తుంది అని ఇట్లాంటి పనులు ల్యాబుల్లో ఎక్కువ ఆడపిల్లలకే పోతాయి, బెంచ్ మీద ప్రయోగాల పని మగపిల్లలకు మిగులుతుంది. నాకు ఇది అస్సలు నచ్చదు. అందుకే టైమ్ ముందే తేల్చుకోమనండి, వారానికి ఒక రోజు దీనికి, మిగతా రోజులు ఆమె సొంత ప్రయోగాలు. సాయంత్రాలు సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షకు చదువుకోవాలి, అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 ఫెలోషిప్, పీహెచ్‌డీకి దారి నేరుగా తెరుచుకుంటుంది.

బెంగళూరు కోర్సుకు కట్టే ఫీజు మీ దగ్గరే పెట్టుకోండి. గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్), కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ ఇంట్లోనే నేర్చుకోవచ్చు, ఆమె పనికి అవే సరిపోతాయి. బయోక్యురేటర్ (జీవశాస్త్ర డేటాను సరిచూసి సర్దేవాళ్లు), డేటా మేనేజర్ అనే ఉద్యోగాలు పెద్ద పరిశోధన సంస్థల్లో ఉన్నాయి, హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఉంది చూడండి, వేరుశనగ వాళ్ల ముఖ్య పంటల్లో ఒకటి. ఈ సర్దే పనే ఆమెకు నిజంగా నచ్చితే బెంగళూరు మైసూర్ రోడ్డులో డీఆర్‌టీసీ ఉంది, లైబ్రరీ సైన్స్ పండితుడు రంగనాథన్ గారు 1962లో పెట్టిన సంస్థ, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కింద నడుస్తుంది, అక్కడ లైబ్రరీ ఇన్ఫర్మేషన్ సైన్స్‌లో ఎమ్మెస్ రెండేళ్లు. అయితే ఆమె ఇష్టం ముందు కనుక్కోండి అన్నా, మీరు రాసిన దాంట్లో పాప ఏమనుకుంటా ఉందో ఒక్క ముక్క కూడా లేదు.

గైడ్ దగ్గర మీరు మాట్లాడొద్దు, ఆమెనే మాట్లాడనీయండి. వారానికి ఎన్ని గంటలు, పేరు యాడ వస్తుంది, సొంత ప్రయోగం ఏది, ఈ మూడూ అడిగి, మాట్లాడుకున్నది ఈమెయిల్‌లో పెట్టుకోమనండి. ఆరు నెలలకు కూడా ఏమీ మారకుంటే అప్పుడు వేరే ల్యాబ్ చూసుకోవచ్చు, రేకులకుంట, కదిరి వ్యవసాయ పరిశోధన స్థానాల వైపు కూడా ఒక కన్నేసి ఉంచమనండి, వేరుశనగ డీఎన్ఏ పని చేతికి వచ్చిన పిల్ల కాబట్టి అక్కడ ఆమె చెప్పేది వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.