కట్‌పీసుల గోనె సంచులు: పారేయకండి

అక్కా, పర్లాకిమిడిలో మీ అమ్మగారి టైలరింగ్ షాపు మూసేశాక రెండు గోనె సంచుల కట్‌పీసులు మిగిలాయని, పారేయడానికి మనసు రావట్లేదని రాశారు. పారేయొద్దు, దాదాపు అన్నీ పనికొస్తాయి.

ముందు కాటన్, పాలిస్టర్ వేరు చేయండి. అనుమానమైతే నాలుగు పోగులు పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ల గిన్నె పెట్టి కాల్చండి. కాటన్ కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. వెంట్రుకలు కాలిన వాసనొస్తే పట్టు.

కాటన్‌కి నా మొదటి ఓటు బొంతకే. పైనా కిందా మెత్తని పాత చీర, మధ్యలో ముక్కలు పరిచి దగ్గర దగ్గరగా కుట్టించండి. కొత్త కాటన్ కుంచించుకుపోతుంది, కొన్ని రంగులు దిగుతాయి; అందుకే ముందే విడివిడిగా ఉతికి ఆరబెట్టాలి. ఈ పని మాత్రం వదిలేయకండి, కుట్టిన వాళ్ల కష్టం పాడవుతుంది. కుట్టడానికి పనికిరాని చిన్న కాటన్ పీలికలు మెకానిక్ షెడ్డుకివ్వండి. నూనె తుడవడానికి వాళ్లకు రోజూ కావాలి. పాలిస్టర్ ముక్కల్ని జడలా అల్లి గుమ్మం పట్టాలు చేసుకోవచ్చు.

అర మీటరు దాటినవి మీ వీధిలోని మిషన్ శక్తి (ఒడిశా ప్రభుత్వ పథకం) మహిళా సంఘాన్ని అడిగి ఇవ్వండి. 120 మైక్రాన్ల (0.12 మి.మీ.) కన్నా పలచని ప్లాస్టిక్ క్యారీబ్యాగులపై 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధం ఉంది కాబట్టి వాళ్లు గుడ్డ సంచులు కుట్టి అమ్ముకోవచ్చు. బరంపురం పట్టు ముక్కలుంటే మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జాకెట్ చేతులకు అంచులుగా బాగుంటాయి.